గౌతమి గట్టు నుంచి: కొండమీద సత్రం

పోయిన సంచికలో కోటిపల్లి రేవు సంగతులు రాసి, ముగించేముందు "వచ్చేసారి మిమ్మల్ని కొండెక్కిస్తాను" అన్నాను. దానికి బరంపురం నుంచి ఒకరు, హోసూరు నుంచి ఇద్దరు ఉత్తరాలు రాశారు, ఏ కొండండీ, పైన ఏ దేవుడండీ అని. కొండ ఉందిగాని పైన దేవుడు లేడు. ఒక సరస్సు ఉంది, దాని ఒడ్డున ఒక సత్రం ఉంది. ఆ రెండింటికోసం పొద్దున్న బయలుదేరి రాత్రికి కిందికి చేరే నడక అది. నడిచింది 2023 జూలైలో. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కాళ్ళనొప్పులు కారణం కాదు. అందులో ఒక సంగతి మా బావని అడగకుండా రాయకూడదనిపించి ఆగాను. మొన్న ఫోనులో అడిగితే "రాసుకోరా" అన్నాడు.

మాది యానాం. గోదావరి సముద్రంలో కలవబోయే చోటు. మాకు ఎత్తు అంటే ఏటిగట్టే. వరదొస్తే గట్టెక్కుతాం, లేకపోతే అదీ లేదు. నా జన్మకి నేను కాలినడకన ఎక్కిన పెద్ద ఎత్తు తిరుమల. అలిపిరి దగ్గర మొదలుపెడితే 3,550 మెట్లు, సుమారు ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఆ మెట్లు ఎక్కనివాళ్ళు తక్కువే గనక, ఈ వ్యాసంలో కొలతకి నేను అలిపిరినే వాడుకుంటాను.

బావ అంటే మా మేనత్త కొడుకు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరని మీకు తెలిసిందే. చట్టప్రకారం పూర్తిగా మనదైంది మాత్రం 1962 ఆగస్టు 16న. అక్కణ్ణుంచి ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. మా మావయ్య కోరుకున్నాడు. ఆ ఒక్క కాగితం మూలాన బావ పద్దెనిమిదో ఏట అటు వెళ్ళిపోయాడు, మేము ఇటు ఉండిపోయాం. అత్తయ్య, మావయ్య మాత్రం ఊరు కదల్లేదు. బావ లియోన్ నగరంలో ఉద్యోగం చేసి, రిటైరై, అక్కడే ఉన్నాడు. అప్పటికి అతనికి అరవై ఎనిమిది, నాకు అరవై రెండు. మొట్టమొదటిసారి వాళ్ళింటికి వెళుతూ, ఏమేం చూపిస్తావు బావా అని అడిగాను. ఈఫిల్ టవరు అంటాడనుకున్నాను. "మడమ జారని బూట్లు కొనుక్కురా, ఇంట్లోనే వేసుకు తిరిగి కాళ్ళకి అలవాటు చేసుకో" అన్నాడు. నెల్లాళ్ళపాటు మా వీధి అరుగులమీద నేను బూట్లతో తిరగడం చూసి జనం నవ్వుకున్నారు.

ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు సరిహద్దులు కలిసే చోటికి దగ్గరగా షామొనీ అనే లోయ ఉంది. లోయకి ఒకవైపు మోంబ్లాన్ పర్వతం. ఆల్ప్స్ కొండలన్నిట్లోకీ ఎత్తయినది. దాని నెత్తిన ఉన్నది రాయి కాదు, మంచు. అందుకని రెండేళ్ళకొకసారి కొలుస్తుంటారు. 2021లో 4,807.81 మీటర్లు వచ్చింది, 2023లో కొలిస్తే 4,805.59. రెండు మీటర్లు ఎక్కడికి పోయాయంటే గాలీ మంచూ పంచుకున్నాయన్నమాట. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా ఏడాదికేడాది కాస్త తగ్గుతూనే ఉంటారు కదా.

ఎదురింటి పెద్దాయన్ని తీరిగ్గా చూడాలంటే మనింటి అరుగుమీద కూర్చోవాలి. మోంబ్లాన్‌ని చూడాలన్నా అంతే. లోయకి రెండోవైపున్న కొండలెక్కాలి. వాటిని ఎర్రసూదులంటారు, ఫ్రెంచిలో ఎగ్వీ రూజ్. రాయి తుప్పురంగులో ఉంటుంది. 1974 నుంచి అది రక్షిత ప్రాంతం. ఆ సూదుల కింద 2,352 మీటర్ల ఎత్తున లాక్‌బ్లాన్ అనే సరస్సు ఉంది. తెల్ల సరస్సు అని అర్థం. దాని పక్కనే సత్రం. అక్కడివాళ్ళు రెఫ్యూజ్ అంటారు, అంటే శరణు దొరికే చోటు. నేను సత్రం అంటున్నాను. ఎందుకన్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ముందురోజు రాత్రి బావ ఒకే ఒక నియమం చెప్పాడు. "వేసవిలో ఇక్కడ పొద్దున్న ఆకాశం అద్దంలా ఉంటుంది. ఎండకి రాయి కాగి, గాలి పైకి లేచి, మధ్యాహ్నం మూడింటికి మబ్బుపట్టి పిడుగులు పడతాయి. పన్నెండింటికల్లా మనం సరస్సు దగ్గరుండాలి, రెండింటికల్లా దిగుతుండాలి." అలాగే అన్నాను. తెల్లారి రక్తపోటు మాత్రల డబ్బా కనిపించలేదు. పెట్టె మొత్తం విప్పి వెతికితే అది బూటులో ఉంది. మరిచిపోకూడదని నేనే పెట్టుకున్నాను. ఈలోగా రైలు పోయింది. ఆ లోయలో తిరిగేది ఎర్రరంగు వేసిన చిన్న మీటర్‌గేజీ బండి, మన పాత బ్రాంచి లైన్లు గుర్తొస్తాయి. తరువాతి బండి పట్టుకుని మోన్‌రోక్ స్టేషన్లో దిగి, త్రేలషాన్ అనే నాలుగిళ్ళ పల్లె దగ్గర నడక మొదలుపెట్టేసరికి తొమ్మిది దాటింది. బావ పల్లెత్తు మాట అనలేదు. అతను అనకపోవడమే నాకు భారమైంది.

త్రేలషాన్ ఎత్తు 1,417 మీటర్లు. అంటే సరస్సుకి ఇంకా 935 మీటర్లు ఎక్కాలి. ఒక అలిపిరి, దానిమీద కొసరు. కాని అలిపిరిలో మెట్టు మెట్టుకీ కొలత ఉంటుంది, పైన కప్పు ఉంటుంది, దారంతా గోవింద నామం ఉంటుంది, ముంత మసాలా ఉంటుంది. ఇక్కడ ఉన్నది రాయి, వేళ్ళు, మన ఊపిరి చప్పుడు. దారి చూపే పసుపు పలకలమీద కిలోమీటర్లుండవు, గంటలు రాసుంటాయి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మా చిన్నప్పుడు ఫలానా ఊరు ఎంత దూరమంటే "చుట్ట కాల్చినంత సేపు" అనేవాళ్ళు, ఇదీ అలాంటిదే. ఆ పలకమీద మూడు గంటల పైచిల్లర ఉంది. అది వాళ్ళ కాళ్ళ లెక్క. నా కాళ్ళకి అయిదు పట్టింది.

మొదటి గంట సూదాకుల చెట్ల మధ్య. చెట్లు పలచబడ్డాక కొండవాలంతా గులాబీరంగు పూలపొదలు, వాటి సందున నేలబారుగా బ్లూబెర్రీ మొక్కలు. ఎక్కడో ఈల వినబడింది. ఎవరో మనిషి పిలుస్తున్నాడనుకున్నాను. మార్మోట్ అనే జంతువట, మన ముంగిసకంటే లావు, ఎలుక జాతి. గద్ద కనబడితే తనవాళ్ళకి ఈలవేసి చెబుతుంది. 

ఆ తరువాత నిచ్చెనలు.

నిచ్చెనలుంటాయని బావ ముందే చెప్పాడుగాని, నేను వెదురు నిచ్చెన ఊహించుకున్నాను. ఇవి నిలువు రాతిగోడకి బోల్టులతో బిగించిన ఇనప నిచ్చెనలు. ఒకటి ఎక్కితే అరచెయ్యంత జాగా, అక్కణ్ణుంచి మరొకటి. మధ్యమధ్య రాతికి దిగగొట్టిన ఇనప కమ్ములు, చెక్క మెట్లు. పక్కన ఎగ్వియెత్ అనే రాతిసూది ఒంటరిగా నిలబడి ఉంటుంది. దానిమీద తాళ్ళతో ఎక్కడం నేర్చుకుంటున్న పిల్లలు కనబడ్డారు. రెండు నిచ్చెనలు బాగానే ఎక్కాను. మూడోదాని నడుమ, ఎందుకో తెలీదు, కిందికి చూశాను. లోయలో రైలు వెళుతోంది. అగ్గిపెట్టెలు దారానికి గుచ్చి పిల్లలు లాగుతున్నట్టుంది. అంతే, చేతులు ఇనుముకి అతుక్కుపోయాయి. పైకి రావు, కిందికి పోవు. మా ఊళ్ళో కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని కబుర్లు చెప్పే మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ సంగతి గుర్తొచ్చినా ఏమీ లాభం లేకపోయింది.

నా వెనక ఎనిమిదేళ్ళ పాప, వాళ్ళమ్మ నిలబడి ఉన్నారు. పైనుంచి బావ గొంతు తెలుగులో వినబడింది, కోప్పడకుండా, అన్నం తినమన్నట్టు. "ఒరే, కిందికి చూడకు. పైకీ చూడకు. నీ చెయ్యి చూసుకో. రెండు చేతులూ ఒక కాలూ కదలకుండా ఉంటే రెండో కాలు కదపొచ్చు. ఒకసారికి ఒకటే కదుపు." చెయ్యి చూసుకున్నాను. వేలికున్న ఉంగరం ఎండకి మెరుస్తోంది. కాలు కదిపాను. పైకి చేరాక పాప నన్ను దాటుకుంటూ ఏదో అంది. ఏమందని బావనడిగాను. "తనకీ మొదటిసారి భయమేసిందట" అన్నాడు. ఎనిమిదేళ్ళకి మొదటిసారి ఎప్పుడైందో మరి.

అలాంటివి పది పన్నెండు దాటాక దారి తేరుకుంటుంది. పెద్ద రాళ్ళకుప్ప ఒకటి పేర్చిన మలుపొస్తుంది, ఆ చోటికి పేరు "గాలుల తల". అక్కడ నాలుగు దారులు కలుస్తాయి. పేరుకి తగ్గట్టే గాలి ఒక దెబ్బ కొట్టింది. ఎదురుగా లోయ అవతల పొడుగునా మంచుకొండలు వరసగా నిలబడ్డాయి. 4,122 మీటర్ల ఎగ్వీ వేర్త్, దాని పక్కనుంచి మేర్ ద గ్లాస్, అంటే మంచుసముద్రం అని పిలిచే హిమానీనదం. పేరు సముద్రమేగాని ఇప్పుడది బూడిదరంగు రాళ్ళ మధ్య చిక్కిపోయి కనబడుతుంది. 1850 ప్రాంతం నుంచి చూసుకుంటే రెండు కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. బావ మొదటిసారి వచ్చిననాటికి, ఇప్పటికి తేడా చేత్తో గాలిలో గీసి చూపించాడు. మా ఏటిగట్టు ఏటా కోసుకుపోవడం చూసినవాణ్ణి గనక నాకు చప్పున అర్థమైంది.

మోంబ్లాన్ వైపు చూపిస్తూ మరో సంగతి చెప్పాడు. మనవాళ్ళకి ఆ కొండతో చేదు చుట్టరికం ఉంది. 1950 నవంబరు 3న ఎయిర్ ఇండియావారి మలబార్ ప్రిన్సెస్ విమానం ఆ కొండకే గుద్దుకుంది, 48 మంది పోయారు. 1966 జనవరి 24న అదే కంపెనీవారి కాంచన్‌జంగ విమానం మళ్ళీ ఆ కొండకే తగిలింది. అందులో పోయిన 117 మందిలో హోమీ భాభా ఒకరు. మంచులో పడ్డది మంచులోనే ఉంటుందనుకుంటాం. ఉండదు. హిమానీనదం కూడా నదే, అంగుళం అంగుళం కిందికి నడుస్తుంది. 2012లో మన ప్రభుత్వపు దౌత్యసంచి ఒకటి బయటపడింది. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్తతో అప్పటి మన పత్రికలు, చదవడానికి వీలుగా, మంచులోంచి తేలాయి. నడక మధ్య ఇదెందుకంటారేమో. బావ ఆ మాట చెప్పి, "యాభై ఏళ్ళయినా వచ్చేది వస్తుందిరా" అని ఊరుకున్నాడు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

షెజెరీ సరస్సులనే చిన్న నీటిమడుగులు దాటాం. ఒక బండమీద పొడుగాటి కొమ్ముల కొండమేక నెమరేస్తూ కూర్చుంది. దాని పక్కనుంచే నడిచినా లేవలేదు. ఆఖరి ఎక్కుడులో మళ్ళీ చెక్కమెట్లు, ఒకటి రెండు నిచ్చెనలు. ఈసారి నా చేతిని నేనే చూసుకున్నాను. పైకి చేరేసరికి రెండూ ఇరవై. ఎదురుగా లాక్‌బ్లాన్.

తెల్ల సరస్సు అంటారుగాని నీళ్ళు పచ్చలరంగు. నిజానికి అవి రెండు, కింద చిన్నది, పైన పెద్దది, నడుమ సన్నని కాలవ. జూలై అయినా పైదాని వెనకవైపు మంచుగడ్డ ఇంకా నీళ్ళలోకి జారుతోంది. ఎదుటి కొండలు నీటిలో తలకిందులుగా కనబడతాయనీ, ఫోటోలన్నీ ఆ నీడవేననీ చెప్పారు. నేను చూసిన నీడ ఒక్క నిమిషం. సంచిలోంచి అక్కయ్య కట్టిచ్చిన పులిహోర పొట్లం తీసేలోగా, వెనక ఎర్రసూదుల మీదుగా నల్లటి మబ్బు తల పైకెత్తింది. నీళ్ళమీద నీడ చెరిగిపోయింది. బావ మబ్బు వంక చూశాడు, గడియారం వంక చూశాడు, నా వంక మాత్రం చూడలేదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు. మొదటిది పన్నెండు లెక్కపెట్టాను. రెండోది ఏడు. అలాంటప్పుడు నీటి ఒడ్డున ఉండకూడదు, ఎత్తున నిలబడకూడదు, ఇనప నిచ్చెన జోలికి అసలు పోకూడదు. పొట్లం చేత్తో పట్టుకునే సత్రం వైపు పరుగెత్తాం.

సత్రమంటే చెక్కా రాయీ కలిపి కట్టిన చిన్న భవనం. గుమ్మంలోనే బూట్లు విప్పాలి. అరలో వరసగా రబ్బరు చెప్పులుంటాయి, అవి వేసుకుని లోపలికెళ్ళాలి. చెప్పులు బయట విప్పమనే ఇల్లు ఆ దేశంలో అదొక్కటే చూశాను, ప్రాణం లేచొచ్చింది. పొడుగాటి భోజనాల బల్లలు, పైన అందరూ వరసగా పడుకునే మంచాల గది. వేసవి మూడు నాలుగు నెలలూ దాన్ని చూసుకునే సంరక్షకులు అక్కడే కాపురముంటారు. కొండల్లో ఇలాంటి సత్రాలు చాలా ఉన్నాయి, ఎన్నిటికో సరుకులు హెలికాప్టరులో రావాల్సిందే. అందుకే టీ ఖరీదు చూసి ఉలిక్కిపడకూడదు. ముందుగా చెప్పి పడక దొరకబుచ్చుకోవాలి, డబ్బులు కట్టాలి, ఆ విషయంలో మన అన్నదాన సత్రాలతో పోలిక లేదు. కాని ఒకటుంది. వాన విరుచుకుపడ్డాక ఎవరొచ్చినా "పడకుందా, పేరుందా" అని అడగరు. శీతకాలం సంరక్షకులు దిగిపోయాక కూడా చాలా సత్రాల్లో ఒక గది తాళం వెయ్యకుండా వదిలేస్తారు. మంచాలు, కంబళ్ళు ఉంటాయి. దారితప్పినవాడు వస్తే తలుపు తోసుకుని రావడానికి.

గోడమీద 112 నెంబరు, ఆపదలో ఏం చెయ్యాలో బొమ్మలు ఉన్నాయి. 1956 క్రిస్మసు రోజుల్లో విన్సెందోన్, ఆన్రీ అనే ఇద్దరు కుర్రాళ్ళు మోంబ్లాన్‌మీద చిక్కుకుపోయి, రోజుల తరబడి కింద ఊరంతా చూస్తుండగానే, తెచ్చే ఏర్పాటు సరిగ్గా లేక చనిపోయారు. ఆ ఘోరం తరువాత 1958లో షామొనీలో కొండల్లో మనుషుల్ని కాపాడే పోలీసు దళం ఏర్పడింది.

మూడింటికి వడగళ్ళు మొదలయ్యాయి. కప్పుమీద శనగలు వేయించినట్టు చప్పుడు. సత్రం చూసుకునే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నేను బావ చేత అడిగించాను, ఇప్పుడు దిగితే ఫ్లెజేర్ దగ్గర ఆఖరి తీగబండి అందుతుందా అని. "బండి అందుతుందేమో. మీరు అందరు" అంది. కూర్చోమని బెంచీ చూపించింది. కూర్చున్నాం.

ఆ తరువాత గంటలో ఆ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో. ప్రతిసారీ గాలి లోపలికి దూకి బల్లమీది కాగితాలు ఎగరగొట్టేది. ప్రతిసారీ ఆ అమ్మాయి తన భుజంతో తలుపు మూసేది. మళ్ళీ ఎవరో తట్టేవారు. నేను ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను. బావ నన్ను చూస్తున్నాడు.

"ఒరే, 1996లో అమ్మ మీ ఇంటికి ఎలా వచ్చిందిరా?"

1996 నవంబరు 6. మా తీరంలో ఎవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. రాత్రి తుపాను తీరం దాటింది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు బోట్లు పోయాయి, మనుషులు పోయారు. వెయ్యికి పైగా ప్రాణాలు, కోనసీమంతా కొబ్బరిచెట్లు. టెలిఫోను తీగలు తెగిపోయి, అత్తయ్య బతికుందో లేదో లియోన్‌లో బావకి ఆరు రోజులదాకా తెలియలేదు. తెలిశాక మేం చెప్పింది ఒకటే మాట, "మా ఇంట్లోనే ఉంది, క్షేమం" అని. అత్తయ్య కూడా పోయేదాకా అదే చెప్పింది.

మా ఇల్లు ముందు పెంకులు, వెనక రెండు గదులు స్లాబు. ఆ రాత్రి పెంకులు లేచిపోయి మేమంతా వెనక గదుల్లో ఉన్నాం. బీరువా జరిపి తలుపుకి అడ్డం పెట్టాం. ఎవరో తట్టారు. గాలిలో గొంతు తెలియలేదు. నేను లేచాను. నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. "బీరువా జరిపితే తలుపు ఊడుతుంది. లోపల పిల్లలున్నారు" అన్నారు. మళ్ళీ తట్టారు. ఆయన అలా పట్టుకునే ఉన్నారు. ఎంతసేపంటే, ఒక నిమిషం ఉంటుందేమో. తరువాత ఆయనే బీరువా జరిపారు. గుమ్మంలో అత్తయ్య, ఆమె వెనక పక్క పేటలో వేటకి వెళ్ళేవాళ్ళ పిల్లలు ముగ్గురు. వాళ్ళని వదిలి రాలేక ఆమెకి ఆలస్యమైంది. నుదుటిమీద పెంకు తగిలి రక్తం కారుతోంది. తలుపు మళ్ళీ మూయడానికి నలుగురం పట్టాం.

ఇరవై ఏడేళ్ళు నేను బావకి చెప్పనిది ఆ నిమిషం. సత్రంలో ఆ బెంచీమీద చెప్పేశాను. నాన్నగారి గురించి చెప్పకూడనిది చెప్పినట్టూ ఉంది, చెప్పాల్సింది చెప్పినట్టూ ఉంది. బావ చాలాసేపు మాట్లాడలేదు. పులిహోర పొట్లం విప్పి, సగం నా వైపు జరిపాడు.

"అమ్మ చెప్పింది నాకు, ఆఖర్న" అన్నాడు. "తలుపు దగ్గర నీ గొంతు వినబడిందట. మామయ్య వద్దనడమూ వినబడిందట. నువ్వు చెప్తావేమో చూద్దామనుకున్నాను."

"నాన్నగారి మీద కోపం లేదా?"

"ఉండేది" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. తలుపు మళ్ళీ తట్టారు. ఈసారి ఆ అమ్మాయి దూరంగా వంటింట్లో ఉంది. బావ లేచి వెళ్ళి తీశాడు. తడిసి ముద్దయిన కుర్రాళ్ళిద్దరు. తలుపు మూయడానికి నేనూ వెళ్ళాను.

నాలుగున్నరకి ఉరుములు ఇటలీ వైపు వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయి బయటికి వెళ్ళి ఆకాశం చూసొచ్చి, ఇప్పుడు దిగొచ్చు అంది. కావాలంటే రాత్రికి భోజనాల గదిలో సర్దుతానంది. బావకి కిందే పడుకోవాలని ఉంది, నాకు మాత్రలు కిందే ఉన్నాయి. ఈసారి బూటులో కాదు.

ఫ్లెజేర్‌కి దిగే దారిలో నిచ్చెనలు లేవుగాని రాళ్ళు తడిసి సబ్బులా ఉన్నాయి. గంటన్నర పట్టింది. 1,877 మీటర్ల దగ్గర తీగబండి స్టేషను, తలుపులు మూసి ఉంది. మాత్రల డబ్బా దొరక్క పోగొట్టుకున్న ఆ రైలు ఖరీదు అక్కడ తెలిసింది. కింద లె ప్రా ఊరిదాకా ఇంకో ఎనిమిదొందల మీటర్లు, అంటే ఇంకో అలిపిరి, ఈసారి దిగడం. దిగడం తేలికని ఎక్కనివాళ్ళంటారు. మోకాళ్ళ పర్వతం అని మనవాళ్ళు పేరెందుకు పెట్టారో నాకు ఆ అడవిలో తెలిసింది. బావ తన నడిచే కర్ర నాకిచ్చాడు. వద్దన్నా వినలేదు. అతను చెట్లు పట్టుకుంటూ దిగాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ ప్రాంతంలో జూలైలో రాత్రి తొమ్మిదిదాకా వెలుగుంటుంది గనక బతికిపోయాం. లె ప్రా చర్చి గంట దగ్గరికొచ్చి కూర్చునేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు.

వెళ్ళదలచుకున్నవాళ్ళకి నాలుగు మాటలు. జూన్ నెలాఖరు దాకా పైన మంచు ఉంటుంది, జూలై నడుమ నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. నిచ్చెనలు వద్దనుకుంటే తీగబండిలో ఫ్లెజేర్ చేరి, అక్కణ్ణుంచి నడిచి వెళ్ళిరావచ్చు, ఎక్కాల్సింది అయిదు వందల మీటర్లలోపే. పెద్దవాళ్ళకి ఆ దారే మేలు. తీగబండి ఆఖరి వేళ ఎంతో పొద్దున్నే చూసుకోండి. వానకోటు, ఉన్నిచొక్కా ఎండ కాస్తున్నా సంచిలో ఉండాలి. పులిహోర అంత ఎత్తులోనూ పాడవ్వదు. మాత్రల డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పను.

బావ కర్ర నాతోనే యానాం వచ్చేసింది. వీధి గదిలో మూలన ఉంది. సంక్రాంతికి వస్తానన్నాడు, అప్పుడు ఇచ్చెయ్యాలి.